ఏడో తొట్టి వాసన

కొండల్లోని రోక్కాలూపా అనే ఊళ్ళో వైన్‌ని పైపుతో పోస్తారు, పెట్రోలు బంకులో కారుకి పోసినట్టే. సహకార సంఘం గోదాము గోడకి ఒక పైపు, దాని చివర తుపాకి లాంటి మూతి, పక్కన గిర్రున అంకెలు తిరిగే పెట్టె. ఐదు లీటర్ల డబ్బా తెచ్చుకున్నవాడికి డబ్బా నిండా, యాభై లీటర్ల గాజు బుడ్డి మోసుకొచ్చినవాడికి బుడ్డి నిండా. లీటరు రెండు యూరోలు. ఎదురుగా ఉన్న బార్‌లో కాఫీతోపాటు ఒక తీపి రొట్టె తింటే అంతకంటే ఎక్కువే అవుతుంది.

అంత చవగ్గా దొరికేదాన్ని ఎవరు గౌరవిస్తారు? పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా. ఊళ్ళోవాళ్ళు ఆ ఎర్ర వైన్‌ని పొట్టి గ్లాసులో సగం పోసుకుని, మిగతా సగం తీపి సోడాతో నింపుకుని, చేలోంచి వచ్చి మంచినీళ్ళు తాగినట్టు గటగటా తాగేసేవారు. పెళ్ళిళ్ళకి మాత్రం ఎక్కడో ఉత్తరాది నుంచి బంగారు అక్షరాల చీటీలున్న సీసాలు తెప్పించుకుని, చీటీ పైకి కనపడేలా బల్లమీద తిప్పి పెట్టుకునేవారు.

ఆ గోదాములో వైన్ తయారుచేయించే మేస్త్రీ పాన్‌ఫీలో. అరవై తొమ్మిదేళ్ళవాడు. మాట కటువు, నడక నిదానం, ముక్కు పొడుగు. ఊరు చెప్పుకునేదంతా ఆ ముక్కు గురించే. కళ్ళు మూసుకుని గ్లాసు దగ్గరికి తెచ్చుకుని, "ఇందులో వాగొడ్డు పందిళ్ళ ద్రాక్ష ఎక్కువ పడింది. బెరార్దో తన మిట్ట మీద రెండ్రోజులు తొందరపడి కోశాడు" అనేవాడు. వెళ్ళి అడిగితే సరిగ్గా అంతే అయ్యుండేది. బెరార్దో సంఘానికి అధ్యక్షుడు. ఏటా తనని పట్టేస్తాడని తెలిసీ ఏటా తొందరపడి కోసేవాడు.

నవంబరు పదకొండున సాన్ మార్తీనో పండగ. ఆ రోజుకి కొత్త ద్రాక్షరసం వైన్ అయి తీరుతుందని పెద్దల మాట. ఊరంతా గోదాము ముందు చేరుతుంది. మేస్త్రీ వైన్ పులిసే సిమెంటు తొట్టికున్న ఇత్తడి కుళాయి తిప్పి మొదటి గ్లాసు పడతాడు. వాసన చూస్తాడు, తాగుతాడు, ఒకే ఒక్క మాట అంటాడు. "బయటికి" అంటే ఆ వైన్ ఊరి పేరుతో పైపులోకి వస్తుంది. "లోపలే" అంటే మర్నాడు సారా బట్టీవాళ్ళ ట్యాంకరు వచ్చి దాన్ని పీల్చుకుపోతుంది. ఆ మాట పడేదాకా తొట్టిలోది మేస్త్రీ తప్ప ఇంకెవరూ రుచి చూడకూడదు. చూస్తే వైన్ అలుగుతుందని తాతల నాటి నమ్మకం. అధ్యక్షుడైనా సరే, అప్పటిదాకా గుటకలు మింగుతూ కూచోవలసిందే.

ఆ ఏడు మార్చిలో పాన్‌ఫీలోకి వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కుని కూడా వెంట తీసుకుపోయింది. నాలుకకి పులుపూ ఒగరూ తెలుస్తున్నాయి. వాసన మాత్రం లేదు. కాఫీకి లేదు, తడిమట్టికి లేదు, చనిపోయిన భార్య శాలువాకి లేదు. ఆ శాలువాని బీరువాలోంచి తీసి మొహానికి అదుముకున్న రోజున అతను మంచం మీద కూచుని చాలాసేపు ఏడ్చాడు. డాక్టరు "వస్తే వస్తుంది" అన్నాడు. పాన్‌ఫీలో ఎవరికీ చెప్పలేదు. ముక్కు పోయిన మేస్త్రీని ఎవరు మేస్త్రీ అంటారు?

చెప్పకుండా నెట్టుకొచ్చేవాడేమో గాని, జూన్‌లో వడగళ్ళు పడ్డాయి. ముప్పావు వంతు ద్రాక్ష పందిళ్ళు చీలికలు పేలికలయ్యాయి. ఏటా నాలుగు తొట్లు నిండే ఎర్ర వైన్ ఈసారి ఒక్క తొట్టికే వచ్చింది, ఏడో నంబరు తొట్టికి. నలభై మూడు కుటుంబాలు ఏడాదంతా పడిన కష్టం ఆ ఒక్క సిమెంటు గదిలో ఉంది. అది కూడా ట్యాంకరు పాలైతే పందిళ్ళు పీకించేస్తామని చాలామంది అప్పటికే అంటున్నారు. వాళ్ళు ఊరికే అనే రకం కాదని పాన్‌ఫీలోకి తెలుసు.

అతను తొట్టికి చెవి ఆనించి లోపల పొంగు విన్నాడు. గ్లాసుని కిటికీ వెలుగులో పట్టి రంగు చూశాడు. నాలుక మీద ఒగరు చూశాడు. బాగానే ఉందనుకున్నాడు. అనుకోవడమే.

*

పైపు దగ్గర పనిచేసేది చెసీదియా. అరవై రెండేళ్ళ మనిషి, ఇరవై ఆరేళ్ళుగా అదే పని, అదే స్టూలు. మనసు వెన్న అంటారు గాని ఎవరికైనా ముందు తగిలేది నోరే. ఆవిడ వైన్‌లో సోడా కలుపుకుంటుందని పాన్‌ఫీలో, అతను చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకొస్తాడని ఆవిడ, రోజూ ఒక విడత పోట్లాడుకుంటే గాని ఇద్దరికీ పొద్దుపోదు.

సాన్ మార్తీనో నాలుగు రోజులుందనగా, శుక్రవారం మధ్యాహ్నం, ఆవిడ ఆఫీసు గది తలుపు తోసి గుమ్మంలోనే ఆగిపోయింది. మెడకి చుట్టుకున్న గుడ్డని ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పాన్‌ఫీలో బల్ల దగ్గర కూచుని రొట్టె, చీజ్ తింటున్నాడు.

"బాగుందా భోజనం?" అంది.

"బాగానే ఉంది. ఏం, నీకూ కావాలా?"

"నీ వెనక బీరువా కింద ఎలుక చచ్చి మూడు రోజులై ఉంటుంది. నాకిక్కడ నిలబడితేనే కడుపులో తిప్పేస్తోంది. నువ్వేమో దాని పక్కనే కూచుని విందారగిస్తున్నావు."

పాన్‌ఫీలో నమలడం ఆపేశాడు. "పని ధ్యాసలో పడి..."

"చాల్లే! మొన్న కాఫీ మాడి గదంతా పొగ కమ్మితే, ఏం మాడిందని నన్నే అడిగావు. అప్పుడే అనుమానం వచ్చింది నాకు." ఆవిడ గుడ్డ తీసేసి సూటిగా చూసింది. "ఎన్నాళ్ళైంది?"

అబద్ధం ఆడదామనే నోరు తెరిచాడు. కానీ ఎనిమిది నెలలుగా ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని భయపడీ భయపడీ అలిసిపోయి ఉన్నాడు.

"మార్చి నుంచి," అన్నాడు.

చెసీదియా వెక్కిరించలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "ఏడో తొట్టి?" అంది మెల్లగా.

"రంగు బాగుంది."

"రంగెవరడిగారు నిన్ను?"

అతను లేచి గోడమీది తాళంచెవి తీశాడు. "పద. నువ్వు చూడు."

"నేనా? సాన్ మార్తీనో రాకుండానా? పాపం చుట్టుకోదూ నాకు?"

"పాపం నా పేర రాయించుకుంటాలే. ముక్కు మాత్రం నీది కావాలి."

ఇత్తడి కుళాయి తిప్పి గ్లాసులో నాలుగు వేళ్ళ ఎత్తు పట్టి ఇచ్చాడు. ఆవిడ గుండెలమీద శిలువ గుర్తు వేసుకుని గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకున్నంత వేగంగానే తీసేసింది.

"కుళ్ళిన గుడ్డు," అంది. "పాన్‌ఫీలో, ఆ ఎలుకే నయం."

పాన్‌ఫీలో తొట్టికి చేరగిలబడిపోయాడు. అక్కడ పండే మోంతెపుల్చానో ద్రాక్షకి ఈ గుణం ఉంది. పులియడం ఆగాక అడుగున చేరిన మడ్డి మీదే గాలి తగలకుండా వదిలేస్తే మూతి ముడుచుకుని కుళ్ళు వాసన పట్టేస్తుంది. ఏటా ఆ వాసన మొదటి జాడ తగలగానే వైన్‌ని గాలి తగిలేలా వేరే తొట్టిలోకి మార్చేవాడు. రెండు గంటల పని. ఈసారి ఆ జాడ అతనికి తగల్లేదు. పది రోజులుగా అది తొట్టిలో ముదురుతుంటే, రోజూ గ్లాసు పట్టుకుని రంగు చూసి మురిసిపోయాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు.

"చంపేశాను," అన్నాడు. "నలభై మూడిళ్ళ వైన్‌ని చేజేతులా చంపేశాను. సిగ్గుపడి కూచున్నాను చూడు, ఆ సిగ్గు చంపింది దాన్ని."

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని, దీనికి మందుందా లేదా?"

అతను ఆలోచించాడు. "ఇంత ముదిరాక గాలి ఒక్కటే సరిపోదు. మా నాన్న అయితే రాగిలో పోసేవాడు. రాగి తగిలితే ఆ కంపు విరిగిపోతుంది. ఇప్పుడు గోదాములో రాగెక్కడుంది? పైపులు, తొట్లు, చివరికి గరిటె కూడా స్టీలే."

"మా అమ్మ బిందె ఉంది," అంది చెసీదియా.

సన్నటి నడుము, రెండు చెవులు ఉన్న పెద్ద రాగి బిందె. ఆ కొండల్లో వెనకటి ఆడవాళ్ళు ఊటబావి నుంచి అలాంటివాటిని నెత్తిన పెట్టుకుని ఒక్క చుక్క ఒలక్కుండా ఇల్లు చేరేవారు. చెసీదియా తల్లి బిందె ఇరవై ఏళ్ళుగా ఇంటి గుమ్మం పక్కన గొడుగులు మోస్తోంది.

*

ఆదివారం పక్క ఊళ్ళో ఫుట్‌బాల్ పోటీ. రోక్కాలూపా మొత్తం జెండాలు పట్టుకుని అటు పోయింది. పూజారి కూడా ప్రార్థన తొందరగా ముగించి కారెక్కేశాడు.

చెసీదియా బిందెని ఉప్పూ వెనిగరూ వేసి తెల్లవార్లూ తోమినట్టుంది, కుంపట్లో నిప్పులా ఉంది. దాన్ని వెడల్పాటి గంగాళంలో నిలబెట్టారు. ఏడో తొట్టి నుంచి పైపు పెట్టి అందులోకి వదిలారు. వైన్ బిందెలో పడి సుళ్ళు తిరిగి, అంచులమీంచి పొర్లి, రాగి ఒంటిమీదుగా జారి గంగాళంలో పడుతోంది. అక్కణ్ణించి పంపు దాన్ని ఖాళీగా ఉన్న ఎనిమిదో తొట్టిలోకి తోస్తోంది.

కంపు లేచింది. చెసీదియా మొహానికి గుడ్డ కట్టుకుని, పాన్‌ఫీలోనీ, అతని ముక్కునీ, ఆ ముక్కు వచ్చిన వంశాన్నీ వరసపెట్టి తిట్టింది. అతను పంపు దగ్గర నిలబడి అన్నీ ఒప్పుకున్నాడు. తిట్లు వినిపిస్తున్నంతసేపూ కంపు పోలేదని అతనికి లెక్క.

మధ్యాహ్నానికి మొదటి విడత అయింది. ఏడో తొట్టిని కడిగి, బిందెని మళ్ళీ తోమి, ఈసారి ఎనిమిది నుంచి ఏడులోకి రెండో విడత మొదలుపెట్టారు. మూడు దాటాక పడమటి కిటికీలోంచి ఎండ లోపలికి జారి బిందె మీద పడింది. ఎర్రగా పొర్లుతున్న ఆ వైన్‌లో రాగి మెరుస్తోంది.

అప్పుడు పాన్‌ఫీలోకి ఒక సంగతి తట్టింది. కాసేపటినుంచి తిట్లు లేవు.

తిరిగి చూశాడు. చెసీదియా మొహానికున్న గుడ్డ మెడ కిందికి జారి ఉంది. బిందె మీదికి వంగి, రెండు చేతులూ గంగాళం అంచుమీద పెట్టి, కదలకుండా ఉంది.

"ఏమైంది? ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉండు. మాట్లాడకు."

గ్లాసు ముంచి పట్టుకుంది. పొట్టి గ్లాసే, రోజూ సోడా పోసుకునేదే. చాలాసేపు వాసన చూసింది. తర్వాత ఒక గుక్క తాగి, మింగడం మర్చిపోయినదానిలా నిలబడిపోయింది.

"చెప్పవే తల్లీ!" అన్నాడు పాన్‌ఫీలో.

"ముందు పుల్ల చెర్రీలు," అంది ఆవిడ నెమ్మదిగా. "చెట్టుమీదివి కాదు. మా అమ్మ పంచదార పోసి గాజు సీసాల్లో ఎండలో పెట్టేది చూడూ, నెల తర్వాత ఆ మూత తీస్తే వచ్చేది, అది."

"వాగొడ్డు పందిళ్ళు," అన్నాడు పాన్‌ఫీలో.

"దాని వెనకాల అతిమధురం వేరు. నమిలింది కాదు, అప్పుడే విరిచింది."

"బెరార్దో మిట్ట. ఈసారి తొందరపడి కొయ్యలేదు వెధవ. ఇంకా?"

"మిరియం. ఎక్కువ లేదు. రెండు గింజలు."

"రాళ్ళ చేను!" అతను కేక పెట్టినంత పని చేశాడు. "వడగళ్ళు పూర్తిగా వదిలేసింది దాన్నొక్కదాన్నే. ఇంకా?"

చెసీదియా మళ్ళీ గ్లాసులోకి వంగింది. నుదురు ముడిపడింది, మళ్ళీ విడిపోయింది. "ఇంకోటుంది. పేరు తెలీదు. మయెల్లా కొండమీద మొదటి మంచు పడ్డ రోజు పొద్దున్నే కిటికీ తీస్తే లోపలికొస్తుందే, అది." తలెత్తి చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి. "మంచు దీన్లో ఎలా ఉంది పాన్‌ఫీలో? దీన్లోకి మంచునెవరు పెట్టారు?"

అతనికి ఏ వాసనా తగల్లేదు. అయినా ఆవిడ ఒక్కో మాట అంటుంటే, ఎనిమిది నెలలుగా సున్నం కొట్టిన గోడలా ఉన్న అతని తలలో ఒక్కో పందిరి వచ్చి నిలబడింది. వాగు, మిట్ట, రాళ్ళ చేను, వాటి మీద కొండ. యాభై ఏళ్ళు తన ముక్కుతో చూసినవే, ఇప్పుడు ఇంకొకరి ముక్కుతో, అంతకంటే స్పష్టంగా కనిపించాయి. ఈ కొండంతా కలిసి ఒక పొట్టి గ్లాసులో పట్టడమేమిటని అతనికి ఒళ్ళు జలదరించింది. ఎప్పుడూ తెలిసిన సంగతే అది. తెలిసినదానికి ఇంత ఆశ్చర్యపోవచ్చని మాత్రం ఆ రోజే తెలిసింది.

"ఇదేనా," అంది చెసీదియా, "నేను పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ సోడా పోసి తాగుతున్నది?"

"ఇదే."

"రెండు యూరోలకి?"

"రెండు యూరోలకే."

"ఇన్నేళ్ళూ ఒక్కసారి చెప్పలేదేం, ముసలాడా?"

"ఏటా చెబుతూనే ఉన్నాను," అన్నాడు పాన్‌ఫీలో. "సాన్ మార్తీనో రోజున, ఒక్క మాటలో."

*

మంగళవారం పొద్దుటినుంచే గోదాము ముందు చెస్ట్‌నట్ గింజలు కాలుస్తున్నారు, పుల్లలకి గుచ్చిన గొర్రె మాంసం పొగలు కక్కుతోంది. జనం వచ్చారు, కానీ ఏటా ఉండే గోల లేదు. అందరి కళ్ళూ తెరిచిన తలుపుల్లోంచి ఏడో తొట్టి మీదే ఉన్నాయి.

"చెప్పకు," అంది చెసీదియా అతని చెవిలో. "ఆ ఒక్క మాటా అనేసి ఊరుకో. ఎవడికీ తెలీదు."

అలాగే అనుకుని వచ్చాడు. కుళాయి తిప్పి గ్లాసు పట్టాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏమీ లేదు. ఆ ఏమీలేనిదాన్ని వాసన చూస్తున్నట్టు కళ్ళు మూసుకోబోయి, మూసుకోలేకపోయాడు. ఇన్నేళ్ళలో ఆ మాట మంచిదో చెడ్డదో అనుంటాడు గాని, దొంగమాట ఎన్నడూ అనలేదు.

గ్లాసు దించాడు. "నాకు ముక్కు పోయింది," అన్నాడు. "మార్చిలో పోయింది. మీకు చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఈ తొట్టి చెడబోయింది. చెసీదియా పట్టుకుంది. వాళ్ళమ్మ రాగి బిందెలో పోసి ఇద్దరం బాగుచేశాం. వాసన చూసింది ఆవిడే."

గోల మొదలైంది.

"చెసీదియా ముక్కా?" ఎవరో అరిచారు. "సోడా ముక్కు!"

"సాన్ మార్తీనో రాకముందే తాగిందా? వైన్ అలగదూ?"

"అలిగింది," అంది చెసీదియా. "బతిమాలుకున్నాం. నీ పెళ్ళాం అలిగితే నువ్వు ఆ పాటి కూడా చెయ్యవు!"

బెరార్దో ముందుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఏంటి మామా ఇది? నలభై మూడిళ్ళు నీ మాట కోసం కూచున్నాం. ముక్కులేని మేస్త్రీ మాట మీద, సోడా తాగే మనిషి మాట మీద దీన్ని ఊరి పేరుతో అమ్మమంటావా? ఆ ట్యాంకరుకి ఫోన్ చేసి పారేస్తే పోతుంది!"

"చెయ్యి," అన్నాడు పాన్‌ఫీలో. "కాని ముందు తాగి చెయ్యి. ఈ ఏడు మొదటి గ్లాసు నాది కాదు, అందరిదీ. ఒక్కటే షరతు. సోడా వద్దు."

"సోడా లేకుండానా?" అన్నాడు బెరార్దో, చేతిలోని సోడా సీసా చూసుకుని. ముక్కు పోయిందన్నప్పటికంటే ఈ మాటకే ఎక్కువ కంగారుపడ్డట్టు కనిపించాడు.

చెసీదియా అప్పటికే ఏడో తొట్టి పైపు అందుకుంది. పొట్టి గ్లాసులు, కాగితం కప్పులు, ఒకాయన తెచ్చుకున్న ప్లాస్టిక్ మగ్గు, దొరికినవాటన్నిట్లోకీ నాలుగేసి వేళ్ళ ఎత్తు పోసుకుంటూ పోయింది. "వాసన చూసి తాగండి. పశువులు కుడితి తాగినట్టు కాదు," అని ఒక్కొక్కరికీ చెప్పింది. గొణుక్కుంటూనే తీసుకున్నారు. ఎగతాళిగా ముక్కులు గ్లాసుల్లో పెట్టారు. ఎత్తారు.

పాన్‌ఫీలో తలవంచుకుని నిలబడ్డాడు. చూడాలనిపించలేదు, చూసే ధైర్యమూ లేదు. తొట్టికి చెవి ఆనించి పొంగు విన్నట్టే విన్నాడు.

ముందు దగ్గరివాళ్ళ మాటలు ఆగాయి. తర్వాత వెనక వరసవాళ్ళవి. మాంసం కాల్చేవాడు విసనకర్ర ఆపేశాడు. పెళ్ళిలో, చావులో, ప్రార్థనలో కూడా నోరు మూతపడని రోక్కాలూపా, నూటయాభై మంది మనుషులు, ఒక్క గుక్క నోట్లో పట్టుకుని మింగకుండా నిలబడిపోయారు. ఒక ముసలామె మాత్రం "అమ్మా" అంది, ఎవర్నీ పిలవకుండా.

పాన్‌ఫీలో ఆ నిశ్శబ్దాన్ని నిదానంగా లోపలికి పీల్చుకున్నాడు. వాగొడ్డు ఉంది, మిట్ట ఉంది, రాళ్ళ చేను ఉంది. మంచు కూడా ఉంది.

తలెత్తాడు. బెరార్దో ఖాళీ గ్లాసు పట్టుకుని, ఇంకెవరిదో గ్లాసు తన చేతిలోకి వచ్చినట్టు దాన్నే చూస్తున్నాడు. రెండో చేతిలోని సోడా సీసా ఒరిగి, సోడా అతని బూటు మీద కారుతోంది.

"బయటికి," అన్నాడు పాన్‌ఫీలో.